బీపీ మాత్రలు వాడుతున్నారా? అంగస్తంభన మాత్ర వేసుకునే ముందు ఇవి చూసుకోండి

మందుల కౌంటర్ వెనక నిలబడి ఇది చాలాసార్లు చూశాను. ఒకాయన వస్తారు. చుట్టూ నలుగురు ఉంటే దగ్గు బిళ్ళలో, తలనొప్పి మాత్రో అడిగి పక్కకు జరుగుతారు. అందరూ వెళ్ళాక గొంతు తగ్గించి "ఆ మాత్ర ఉందా?" అంటారు. "వేరే మందులేమైనా వాడుతున్నారా అండీ?" అని అడిగితే మొదట "అబ్బే, ఏం లేవు" అంటారు. ఇంకోసారి అడిగితే "పొద్దున బీపీది ఒకటి, మామూలుదే" అంటారు. మూడోసారి అడిగితే అప్పుడు బయటికొస్తుంది, గుండెకు ఒకటి, రాత్రి పడుకునే ముందు ప్రోస్టేట్‌కు ఒకటి. ప్రమాదం ఉంటే గింటే ఆ మూడో జవాబులోనే ఉంటుంది.

బీపీ ఉన్నవాళ్ళు ఈ మాత్రల జోలికే వెళ్ళకూడదని కొందరు అనుకుంటారు. బీపీ తగ్గించే మందే కదా, ఇంకా మంచిదేగా అని మరికొందరు అనుకుంటారు. రెండూ తప్పే. మామూలు బీపీ మందులు చాలావాటితో ఇవి డాక్టర్ సలహా మీద వాడుకోవచ్చు. కొన్నిటితో జాగ్రత్తగా, తక్కువ డోసుతో మొదలుపెట్టాలి. ఒక రకం మందుతో మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ కలపకూడదు. మీరు ఏ గుంపులో ఉన్నారో తేల్చుకోవడానికి ఒక గంట కూర్చుంటే చాలు.

1. మీరు వాడేవన్నీ మంచం మీద పరవండి

నిజంగానే పరవండి. జ్ఞాపకం మీద చెప్పే లిస్టులో ఎప్పుడూ ఒకటో రెండో తప్పిపోతాయి. పర్సులో, బ్యాగులో, కారు డాష్‌బోర్డులో ఉన్నవి కూడా తీసుకురండి. రోజూ వేసుకునేవే కాకుండా, "ఎప్పుడైనా అవసరపడితే" అని దాచుకున్నవీ కావాలి. గుండె నొప్పి వస్తే నాలుక కింద పెట్టుకోమని ఎప్పుడో ఇచ్చిన చిన్న మాత్ర, నోట్లో కొట్టుకునే స్ప్రే, ఛాతీ మీద అంటించుకునే పట్టీ, రాసుకునే ఆయింట్‌మెంట్, ఇవన్నీ మందులే. రెండేళ్ళుగా ముట్టుకోకపోయినా లెక్కలోకి వస్తాయి, ఎందుకంటే ముట్టుకునే రోజు ముందుగా చెప్పి రాదు.

ఇప్పుడు ఒక కాగితం తీసుకోండి. అట్ట మీద పెద్ద అక్షరాల్లో ఉండే కంపెనీ పేరు కాదు, దాని కింద చిన్న అక్షరాల్లో ఉండే మందు పేరు, మి.గ్రా. రాసుకోండి. ఒకే బీపీ మాత్రలో రెండు మూడు మందులు కలిపి ఉండటం ఇప్పుడు మామూలే. పైకి "ఒక్క మాత్రే" అనిపించేదానిలో ఆమ్లోడిపిన్, టెల్మిసార్టన్, క్లోర్‌తాలిడోన్ మూడూ ఉండొచ్చు. ప్రతి పేరూ విడిగా రాయండి.

"మగతనానికి మూలికలు" అని అమ్మే పొడులు, క్యాప్సూల్స్ వాడుతుంటే అవీ రాయండి. ఇలాంటివాటిలో చెప్పకుండా సిల్డెనాఫిల్ కలిపినట్టు ఎన్నో దేశాల్లో పరీక్షల్లో బయటపడింది. గంటలో పనిచేసే మూలిక దొరికిందంటే నాకు ముందు అనుమానమే వస్తుంది.

2. లిస్టులో నైట్రేట్ ఉందేమో వెతకండి. ఉంటే ఇక్కడే ఆగిపోండి

మిగతావన్నీ ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు. అందుకే కాస్త వివరంగా చెబుతాను.

వయాగ్రా పేరుతో తెలిసిన సిల్డెనాఫిల్, సియాలిస్ పేరుతో తెలిసిన టడలాఫిల్, వార్డెనాఫిల్, అవనాఫిల్ ఇవన్నీ ఒకే కుటుంబం. నిజానికి సిల్డెనాఫిల్‌ను మొదట పరిశోధించింది గుండె నొప్పి కోసమే. ప్రయోగాల్లో పాల్గొన్న మగవాళ్ళు చెప్పిన "సైడ్ ఎఫెక్ట్" వల్ల దాని దారి మారింది, 1998లో అంగస్తంభన మందుగా అనుమతి వచ్చింది. అంటే పుట్టుకతోనే ఇది రక్తనాళాల మందు. అది ఒక్కచోటే పనిచేస్తుందనుకోవడం మన భ్రమ.

రక్తనాళం గోడలు సడలాలంటే లోపల సీజీఎంపీ అనే పదార్థం పోగవ్వాలి. ఒక తొట్టి అనుకోండి. నైట్రిక్ ఆక్సైడ్ అనేది కుళాయి, దానివల్ల తొట్టి నిండుతుంది. పీడీఈ5 అనే ఎంజైమ్ అడుగున ఉండే తూము, నీళ్ళను ఎప్పటికప్పుడు బయటికి వదిలేస్తుంది. అంగస్తంభన మాత్ర ఆ తూమును మూసేస్తుంది. కుళాయి మామూలుగా కారుతున్నంతసేపు పర్వాలేదు. గుండె నొప్పికి వాడే నైట్రేట్లు ఏం చేస్తాయంటే, ఆ కుళాయిని పూర్తిగా తిప్పేస్తాయి. కుళాయి బార్లా తెరిచి, తూము బిగించేశాక ఇక తొట్టి పొంగడమే. ఒంట్లోని రక్తనాళాలన్నీ ఒక్కసారిగా సడలిపోయి బీపీ కుప్పకూలుతుంది. గుండెకు, మెదడుకు రక్తం అందదు. ప్రాణం పోవచ్చు.

కాబట్టి మీ కాగితం మీద ఈ పేర్లు ఉన్నాయేమో చూడండి: నైట్రోగ్లిసరిన్ (కొన్నిటి మీద గ్లిసరిల్ ట్రైనైట్రేట్ అని ఉంటుంది), ఐసోసార్బైడ్ డైనైట్రేట్, ఐసోసార్బైడ్ మోనోనైట్రేట్. ఇళ్ళలో సార్బిట్రేట్ అని పిలిచేది ఐసోసార్బైడ్ డైనైట్రేటే. నికొరాండిల్ పేరులో నైట్రేట్ అన్న మాట కనిపించదు గానీ అది కూడా ఈ పనే చేస్తుంది, దానితోనూ కలపకూడదు. ఊపిరితిత్తుల రక్తపోటుకు వాడే రియోసిగ్వాట్‌తో కూడా కుదరదు. పార్టీల్లో పీల్చే "పాపర్స్" అనే ద్రవం నైట్రైటే, అదీ నిషిద్ధమే.

వీటిలో ఏ ఒక్కటి ఉన్నా అంగస్తంభన మాత్ర మీకు కాదు. సగం మాత్ర వేసుకుంటే? కాదు. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి వేసుకుంటే? కాదు. ఒకరోజు గుండె మాత్ర మానేసి వేసుకుంటే? అస్సలు కాదు, అది ఇంకో ప్రమాదం. గుండె డాక్టరే నైట్రేట్ అవసరం లేదని తేల్చి వేరే మందుకు మార్చగలిగితే అప్పుడు మళ్ళీ మాట్లాడుకోవచ్చు. అంగస్తంభనకు మాత్రలు కాని చికిత్సలూ ఉన్నాయి, వ్యాక్యూమ్ పంపు, అంగానికి ఇచ్చే ఇంజెక్షన్ లాంటివి. ఆ సంగతి యూరాలజిస్టును అడగండి.

3. ఆల్ఫా బ్లాకర్లు: చాలామంది వదిలేసే పేరు

యాభై దాటిన మగవాళ్ళలో బీపీ, ప్రోస్టేట్, అంగస్తంభన సమస్య ఈ మూడూ చేతులు పట్టుకునే వస్తాయి. మూత్రం ధార సరిగా రావడానికి ఇచ్చే టామ్సులోసిన్, ఆల్ఫుజోసిన్, సిలోడోసిన్, అలాగే బీపీకి కూడా వాడే ప్రజోసిన్, డోక్సజోసిన్, టెరజోసిన్ ఈ గుంపులోవి. ఇవి కూడా రక్తనాళాలను సడలించేవే. వీటినీ అంగస్తంభన మాత్రనూ కలిపితే కొందరికి లేచి నిలబడగానే బీపీ పడిపోతుంది. రాత్రి రెండింటికి బాత్రూమ్‌కని లేచి, గుమ్మం దగ్గర కళ్ళు బైర్లు కమ్మి పడిపోవడం, తల సింకుకు తగలడం, ఇలా ఉంటుంది ఈ ప్రమాదం. గుండెపోటంత భయంకరంగా వినిపించదు కానీ, తుంటి విరిగినవాళ్ళకు తెలుస్తుంది.

ఇక్కడ పూర్తిగా వద్దని కాదు. ముందు ఆల్ఫా బ్లాకర్ ఒకే డోసు మీద కొంతకాలంగా కుదురుకుని ఉండాలి. ఆ తర్వాతే రెండోది, అదీ అతి తక్కువ డోసుతో మొదలుపెట్టాలి. సిల్డెనాఫిల్ అయితే 25 మి.గ్రా. రెండింటి మధ్య నాలుగు గంటలైనా ఎడం పెట్టమని చాలామంది డాక్టర్లు చెబుతారు. డోక్సజోసిన్ వాడుతుంటే టడలాఫిల్ జోలికి సాధారణంగా వెళ్ళరు.

కార్వెడిలాల్, లాబెటలాల్ అనే బీపీ మందులు పేరుకు బీటా బ్లాకర్లే (గుండె వేగాన్ని తగ్గించే రకం మందులు) అయినా వాటికి ఆల్ఫా బ్లాకర్ గుణం కూడా ఉంది. గుండె బలహీనతకు ఇచ్చే సాక్యుబిట్రిల్, వల్సార్టన్ కలిసిన మాత్రతో కూడా బీపీ కాస్త ఎక్కువగానే దిగొచ్చు. ఈ పేర్ల పక్కన కాగితం మీద ఒక గుర్తు పెట్టుకుని డాక్టర్‌కు ప్రత్యేకంగా చూపించండి.

4. మిగతా బీపీ మందులు

ఆమ్లోడిపిన్, టెల్మిసార్టన్, లోసార్టన్, రామిప్రిల్, ఎనలాప్రిల్, హైడ్రోక్లోరోథయజైడ్, అటెనలాల్, మెటోప్రొలాల్. మీ కాగితంలో ఇవి మాత్రమే ఉంటే ఊపిరి పీల్చుకోవచ్చు. ఆమ్లోడిపిన్ వాడుతున్నవాళ్ళకు సిల్డెనాఫిల్ 100 మి.గ్రా. ఇచ్చి చూసినప్పుడు బీపీ సగటున పై అంకె ఇంకో 8, కింది అంకె ఇంకో 7 తగ్గింది. 140 ఉన్నవారికి అది 132 అవుతుంది, పెద్ద ఇబ్బంది కాదు. కానీ అప్పటికే మందులతో 100 దగ్గర తచ్చాడుతున్నవారికి అదే 8 తేడా చేస్తుంది. రెండు మూడు రకాల బీపీ మందులు వాడేవాళ్ళు అందుకే అంకెలు చూసుకోకుండా దిగకూడదు.

డిల్టియాజెమ్, వెరపమిల్ సంగతి కాస్త వేరు. ఇవి బీపీ తగ్గించడంతో పాటు, అంగస్తంభన మాత్రను లివర్ విరగ్గొట్టకుండా కొంత అడ్డుపడతాయి. 50 మి.గ్రా. వేసుకుంటే ఒంట్లో అంతకంటే ఎక్కువ వేసుకున్నట్టు ఉంటుంది. క్లారిత్రోమైసిన్, ఎరిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్స్, ఫంగస్‌కు వాడే కీటోకొనజోల్, ఇట్రాకొనజోల్, హెచ్ఐవీకి వాడే రిటోనావిర్ ఇదే పని ఇంకా గట్టిగా చేస్తాయి. గ్రేప్‌ఫ్రూట్ రసం కూడా కొంతవరకు అడ్డుపడుతుంది. గొంతు నొప్పికని ఐదు రోజుల యాంటీబయాటిక్ మొదలుపెట్టినప్పుడు ఈ మాత్ర గుర్తుకొచ్చేది ఎవరికి? అందుకే చెబుతున్నాను.

5. బీపీ కూర్చుని ఒకసారి, నిలబడి రెండుసార్లు చూసుకోండి

ఇంట్లో మిషన్ ఉంటే వారం రోజులు పొద్దున, సాయంత్రం చూసి రాసుకోండి. అయిదు నిమిషాలు ఊరికే కూర్చోండి, వీపు కుర్చీకి ఆనించి, పాదాలు నేల మీద పెట్టి, చేయి బల్ల మీద గుండె ఎత్తులో ఉంచి. మాట్లాడొద్దు, టీవీ వార్తలు వద్దు. అంకె రాసుకున్నాక లేచి నిలబడి ఒక నిమిషానికి, మూడు నిమిషాలకు మళ్ళీ చూడండి. నిలబడ్డాక పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ అంతకంటే ఎక్కువ గానీ పడిపోతే, మీ ఒంటికి అప్పటికే బీపీని నిలబెట్టుకోవడం కష్టంగా ఉందన్నమాట. ఆ విషయం డాక్టర్‌కు చెప్పకుండా మాత్ర వద్దు.

కూర్చున్నప్పుడు 90/50 కంటే తక్కువ ఉన్నా, 170/110 కంటే ఎక్కువ ఉన్నా ఇప్పుడు సమయం కాదు. ముందు బీపీ దారిలోకి రావాలి. గత ఆరు నెలల్లో గుండెపోటు, పక్షవాతం, ప్రాణం మీదికి తెచ్చిన గుండె లయ సమస్య వచ్చినవాళ్ళూ ఆగాలి.

6. డాక్టర్ దగ్గర ఆ మాట ఎలా ఎత్తాలి

సిగ్గు దగ్గరే చాలామంది ఆగిపోతారు. లోపలికి వెళ్ళి షుగర్ గురించి, మోకాళ్ళ గురించి మాట్లాడి, తలుపు దాకా వచ్చి వెనక్కి తిరిగి "అన్నట్టు డాక్టర్‌గారూ..." అంటారు. అప్పటికి బయట తర్వాతి పేషెంటు లేచి నిలబడి ఉంటాడు. అలా కాకుండా కుర్చీలో కూర్చోగానే కాగితం ముందు పెట్టి ఇలా అనేయండి: "డాక్టర్‌గారూ, ఆరు నెలలుగా అంగస్తంభన సరిగా ఉండట్లేదు. నేను వాడే మందులు ఇవి. దీనికి మాత్ర వాడొచ్చా?" మూడు వాక్యాలు. డాక్టర్లకు ఇది రోజూ వినే మాటే.

ఆయన మిమ్మల్ని గుండె గురించి ఎదురు ప్రశ్నలు వేస్తే కంగారుపడకండి. ప్రశ్నించాల్సిందే. అంగంలోని ధమనులు గుండె ధమనుల కంటే సన్నవి. రక్తనాళాల్లో కొవ్వు పేరుకోవడం మొదలైతే ముందు సన్నవాటిలోనే తెలుస్తుంది. గుండె జబ్బు బయటపడటానికి కొన్నేళ్ళ ముందే అంగస్తంభన తగ్గడం చాలామందిలో కనిపిస్తుంది. పడకగది సమస్య అనుకుని మాత్రతో కప్పిపెట్టేస్తే, ఒంటికి అది ఇచ్చిన ముందు హెచ్చరిక కాస్తా వృథా అవుతుంది. ఇంకో విషయం, శృంగారం కూడా శ్రమే. రెండు అంతస్తుల మెట్లు చకచకా ఎక్కితే ఛాతీ పట్టేయడం, ఆయాసం వస్తుంటే ఆ సంగతి తప్పక చెప్పండి.

అసలు సమస్యకు కారణం బీపీ మందే కావచ్చు కూడా. నీళ్ళ మాత్రలు అని పిలిచే థయజైడ్లు, స్పైరనోలాక్టోన్, పాతకాలపు బీటా బ్లాకర్లు కొందరిలో అంగస్తంభనను దెబ్బతీస్తాయి. టెల్మిసార్టన్, లోసార్టన్ లాంటివాటితో ఆ బెడద తక్కువ, బీటా బ్లాకర్లలో నెబివొలాల్ నయమంటారు. ఒక్కోసారి మందు మారిస్తే రెండో మాత్ర అవసరమే ఉండదు. కానీ మార్చాల్సింది డాక్టర్. అనుమానం రాగానే మీరే ఆపేయొద్దు. ముఖ్యంగా బీటా బ్లాకర్ గానీ, క్లోనిడిన్ అనే బీపీ మందు గానీ ఉన్నట్టుండి ఆపితే బీపీ ఎగదన్నుతుంది.

7. మొదటిసారి వేసుకునే రోజు

డాక్టర్ సరేనన్నాక, రాసిచ్చిన డోసే. స్నేహితుడు 100 వేసుకుంటాడని మీరు కూడా 100తో మొదలుపెట్టొద్దు. సిల్డెనాఫిల్ సాధారణంగా 50తో మొదలవుతుంది. 65 దాటినవారికి, కిడ్నీ లేదా లివర్ బాగా దెబ్బతిన్నవారికి 25.

ఆ రోజు బీపీ మాత్ర మానకండి. "రెండూ తగ్గించేవే కదా, ఇవాళ ఒక్కరోజు ఆపుదాం" అన్న తెలివి చాలామందికి వస్తుంది. దానివల్ల పొద్దుటికి బీపీ పైకెళ్ళి కూర్చుంటుంది, లాభం సున్నా.

సిల్డెనాఫిల్ గంట ముందు వేసుకోవాలి, నూనె ఎక్కువున్న భోజనం మీద వేసుకుంటే ఆలస్యంగా పనిచేస్తుంది. టడలాఫిల్‌కు తిండితో సంబంధం లేదు, 36 గంటల దాకా ప్రభావం ఉంటుంది. బీపీ పడే గుణం కూడా అంతసేపు ఉండొచ్చని గుర్తుంచుకోండి. కోరిక లేకుండా ఏ మాత్రా దానంతటదే పనిచేయదు. గంట గడిచినా ఏమీ కాలేదని ఇంకోటి మింగకండి. 24 గంటల్లో ఒక్కసారే. మొదటిసారి మద్యం వద్దు, ఆ తర్వాత కూడా ఒకటి రెండు పెగ్గులకు మించొద్దు. మద్యం కూడా రక్తనాళాలను సడలించేదే. వేడి నీళ్ళ టబ్బు, ఆవిరి స్నానం కూడా ఆ రాత్రికి మానుకోండి. మంచం మీంచి లేచేటప్పుడు ముందు కూర్చుని, ఒక నిమిషం ఆగి, తర్వాత నిలబడండి.

తలనొప్పి, ముఖం వేడెక్కడం, ముక్కు దిబ్బడ, కడుపులో మంట, సిల్డెనాఫిల్‌తో కాసేపు అన్నీ నీలంగా కనిపించడం, టడలాఫిల్‌తో నడుం నొప్పి మామూలే, వాటంతటవే పోతాయి. ఒక కన్ను ఉన్నట్టుండి మసకబారినా, చెవి వినపడకపోయినా, అంగస్తంభన నాలుగు గంటలు దాటినా తగ్గకపోయినా తెల్లారేదాకా ఆగకండి, ఎమర్జెన్సీకి వెళ్ళండి.

కళ్ళు తిరిగితే వెంటనే పడుకుని కాళ్ళ కింద దిండ్లు పెట్టుకోండి. తేరుకోకపోతే అంబులెన్స్ పిలవండి.

8. ఇంట్లో ఒకరికి చెప్పి ఉంచండి

ఛాతీలో నొప్పి వస్తే ఏం చేయాలన్నది వేసుకోకముందే ఇంట్లో తెలిసి ఉండాలి. మాత్ర వేసుకున్నాక నొప్పి మొదలైతే చేస్తున్న పని ఆపి కూర్చోవాలి, అంబులెన్స్‌కు ఫోన్ చేయాలి. నాలుక కింద మాత్ర మాత్రం పెట్టుకోకూడదు. సిల్డెనాఫిల్, వార్డెనాఫిల్ వేసుకుని 24 గంటలు, టడలాఫిల్ వేసుకుని 48 గంటలు దాటేదాకా నైట్రేట్ దగ్గరికి రానివ్వకూడదు. ఆ తర్వాతైనా డాక్టర్ల కళ్ళ ముందే. వచ్చినవాళ్ళకు మొదటి మాటే ఇదై ఉండాలి: "ఫలానా మాత్ర, ఇన్ని గంటలకు వేసుకున్నాను." గుండె నొప్పికి ఆసుపత్రుల్లో వెంటనే ఇచ్చేవాటిలో నైట్రేట్ ఒకటి. మీరు సిగ్గుపడి ఊరుకుంటే, వాళ్ళు మంచి చేద్దామనే ఇచ్చేస్తారు.

ఇంట్లో కూడా అంతే. మీకు మాట రాని స్థితిలో, మామగారి కోసమో బావగారి కోసమో అల్మరాలో ఉంచిన సార్బిట్రేట్ తీసుకుని పరుగెత్తుకొచ్చేది మీ భార్యే. ఆవిడకు తెలియకపోతే ఆ చిన్న మాత్ర మీ నాలుక కిందికి వెళ్ళిపోతుంది. అందుకని చెప్పండి. నోటితో చెప్పలేకపోతే, మొదటి మెట్టులో రాసిన ఆ కాగితం కిందే ఎర్ర పెన్నుతో "ఈ మాత్ర వేసుకున్న రోజు, మర్నాడు, ఆ మర్నాడు నాలుక కింద మాత్ర ఇవ్వొద్దు" అని రాసి, అల్మరాలో ఆ మాత్రల డబ్బాకే రబ్బరు బ్యాండుతో కట్టి పెట్టండి.